బంగారుపాళ్యం రోడ్డు మీద గోల్ఫు!

మద్రాసు నుంచి బెంగుళూరికి కారులో పోవాలంటే పాతరోజుల్లో రెండు దారులుండేవి. ఒకటి వేలూరు, ఆంబూరు, కృష్ణగిరి, హోసూరు మీదుగా. రెండోది రాణిపేట దగ్గర కుడికి తిరిగి చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా. ఈ రెండోదే నాలుగో నంబరు జాతీయ రహదారి. 2010లో దేశంలోని హైవే నంబర్లన్నీ మార్చేశారు గానీ మా ఊళ్ళో పెద్దవాళ్ళకి అది ఇప్పటికీ "బెంగుళూరు రోడ్డే."

ఆ రోడ్డు మీద చిత్తూరు దాటి పాతిక కిలోమీటర్లు అటూ ఇటూగా వస్తే బంగారుపాళ్యం. పాళెగాళ్ళ కాలంలో చిత్తూరు చుట్టుపక్కల పాళేల్లో "బంగారి" పాళెం ఒకటి. ఆ పేరే ఇలా మిగిలింది. ఇంతకీ ఊళ్ళో బంగారం వుందా అని అడక్కండి. వున్నదల్లా మామిడికాయే. బంగారం కావాలంటే ఇదే రోడ్డు పట్టుకుని పైకి పోవాలి. ఆ కథ కూడా తర్వాత చెబుతాను.

తెలుగు సినిమా మద్రాసులో వున్న రోజుల్లో తారల కార్లు ఈ రోడ్డు మీదనే బెంగుళూరికి పోయేవని మా పెద్దలు చెప్పుకుంటారు. ఫలానా హీరోగారు మా టీ అంగడి ముందు కారాపి సోడా తాగారు, ఫలానా హీరోయిన్ కిటికీ అద్దం దించి బేనీషా పళ్ళు బేరమాడింది అంటూ. ఈ దృశ్యాలు కళ్ళారా చూశామని చెప్పినవాళ్ళందర్నీ లెక్కవేస్తే అప్పటి ఊరి జనాభా సరిపోదు! నేను సినిమా పత్రికలకి రాసేవాణ్ణని తెలిసినప్పట్నుంచీ వాళ్ళ జ్ఞాపకశక్తి ఇంకా పెరిగింది. పోయినసారి సోడా తాగిన హీరో ఈసారి దోసె కూడా తిన్నాడు.

సినిమాకీ చిత్తూరికీ చుట్టరికం మాత్రం అబద్ధం కాదు. నాగయ్యగారు పుట్టింది గుంటూరు వైపు. అయినా నాటకాల మీద పేరు తెచ్చుకున్న ఊరి పేరే ఆయన ఇంటిపేరైపోయింది. ఇక మా యాస! ఒకప్పుడు తెరమీద మా యాస వినబడిందంటే అది వంటవాడో, వాచ్‌మనో. 2021 డిసెంబరులో "పుష్ప" వచ్చి కథ తిరగేసింది. ఆ వేషానికే అల్లు అర్జున్‌కి జాతీయ ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. తెలుగు నటుడికి ఆ బహుమతి అదే మొదలు. ఆ వారం మా అయ్యోరు చిత్తూరు థియేటర్లో సినిమా చూసి బయటికొచ్చి, "ఇన్నాళ్ళూ మనం మాట్లాడేది తప్పు తెలుగనుకున్నామే గదరా!" అన్నాడు. తెలుగు పండితుడి ఉద్యోగం చేసేవాడు అన్న మాట అది.

అన్నట్టు మా జట్టుని పరిచయం చెయ్యలేదు. నలుగురం. బళ్ళో ఒకే బెంచీ. ఒకడు బడిపంతులయ్యాడు. మా వైపు పంతులుగార్ని అయ్యోరు అంటారు గనక వాడు "అయ్యోరు." ఒకడు బెంగుళూరులో కంప్యూటరు కంపెనీలో పెద్ద జీతగాడు. వాణ్ణి "దొర" అంటాం, ఎందుకనేది త్వరలో చెబుతాను. మూడోవాడు ఊరొదలని వాడు, తండ్రిచ్చిన ఆరెకరాల మామిడి తోటే లోకం. వాడి పేరు "తోట." నాలుగో శాల్తీ నేను, "పేపరోడు." డిగ్రీ చదివి స్థిరమైన ఉద్యోగం లేకుండా అక్కడో వ్యాసం ఇక్కడో ఇంటర్వ్యూ రాసుకుంటూ బతికేవాణ్ణి.

డిగ్రీ అయిపోయిన ఏడాది, 2011లో, వేసవిలో నలుగురం కలిసి ఎక్కడికైనా పోదామనుకున్నాం. కరోనా కాలం మినహాయిస్తే అప్పట్నుంచీ ప్రతి మేలోనూ పోతూనే వున్నాం. ఒక నియమం పెట్టుకున్నాం. ఒకరి ఖర్చు ఒకరు పెట్టుకోకూడదు. అయ్యోరింట్లో ఒక హార్లిక్స్ సీసా వుంది. ఏడాది పొడుగునా ఎవరికి వీలైనంత వాళ్ళు అందులో వేస్తాం. ఎవరెంత వేశారని అడగం. మేలో సీసా బోర్లించి లెక్కపెట్టి, ఆ దుడ్లు ఎంతదూరం తీసుకెళితే అంతదూరం పోయొస్తాం. తోట తనవంతు మామిడి అడ్వాన్సు రాగానే వేసేవాడు. మొదటి నాలుగైదేళ్ళు సీసాలో సింహభాగం వాడిదే అని మా ముగ్గురికీ తెలుసు. నేనైతే కొన్ని సంవత్సరాలు బస్సు ఛార్జీ పాటి కూడా వెయ్యలేదు. వాడు ఎప్పుడూ ఏమీ అనలేదు.

మొదటి యాత్ర రెండు మోటారుసైకిళ్ళ మీద హార్సిలీ కొండలకి. నాలుగువేల అడుగుల పైచిలుకు ఎత్తు. కడప కలెక్టరుగా వున్న హార్సిలీ దొర ఎండకి తాళలేక అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. దారిలో మదనపల్లె. "జనగణమన"ని రవీంద్రుడు ఇంగ్లీషులోకి మార్చింది 1919లో ఆ ఊళ్ళోనే, బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో. అయ్యోరు కాలేజీ గేటు ముందు బండి ఆపించి మాకు పావుగంట పాఠం చెప్పాడు, ఎండలో! ఇంకో ఏడాది తలకోన. మరో ఏడాది కుప్పం దారిలో కైగల్ జలపాతం. మేనెలలో జలపాతమేమిటి అని అడిగితే మీరు మాకంటే తెలివైనవాళ్ళు. సన్నటి ధార కింద బండమీద కూచుని సంగటీ ఊరుబిండీ తిని తిరిగొచ్చాం.

మొగిలి మలుపులు

ఎటు పోయినా, పడమటికి పోతే మాత్రం మొగిలి ఘాటు ఎక్కాలి. మా ఊరు దాటగానే మొగిలీశ్వరుడి గుడి. శివరాత్రికి అక్కడ కాలు పెట్టేందుకు చోటుండదు. గుడి దాటాక రోడ్డు వంకర్లు తిరుగుతూ కొండెక్కుతుంది. చిత్తూరు మైదానంలో నిప్పులు చెరిగే ఎండ ఘాటు సగం ఎక్కేసరికి కొంచెం మెత్తబడుతుంది, పైకొచ్చి పలమనేరు చేరేసరికి చొక్కాలోకి గాలి దూరుతుంది. పలమనేరు రెండువేల అడుగులు దాటిన ఎత్తులో వుంది. నీలగిరికి దారి పడకముందు మద్రాసు తెల్లదొరలు చల్లదనానికి ఇక్కడికే వచ్చేవాళ్ళు. ఊటీ రాగానే పలమనేరుని మరిచిపోయారు. సినిమాల్లో రెండో హీరోయిన్ గతే!

ఘాటు అందంగా వుంటుంది, ప్రమాదంగానూ వుంటుంది. 2024 సెప్టెంబరులో అక్కడ బస్సూ లారీ గుద్దుకుని ప్రయాణికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ దిగుడులో లోడు లారీ వెనక పడ్డప్పుడల్లా మా నలుగురిలో మాటలు ఆగిపోతాయి. ఇప్పుడు బెంగుళూరు - చెన్నై ఎక్స్‌ప్రెస్ రోడ్డు వస్తోంది. 2022 మేలో ప్రధాని శంకుస్థాపన చేశారు. హోస్కోటె నుంచి కర్ణాటక భాగం తెరిచేశారు కూడా. మావైపు భాగం కూడా తెరిస్తే పెద్దబండ్లు మా ఊరివైపు చూడకుండా పోతాయంటున్నారు. ఘాటుకి మంచిదే. టీ అంగడి పెద్దాయన మాత్రం "ఇంక ఏ హీరో సోడా తాగుతాడప్పా?" అంటున్నాడు.

పలమనేరు దాటితే ఏనుగుల రాజ్యం. కౌండిన్య అభయారణ్యం 1990లో ప్రకటించారు. అంతకు కొన్నేళ్ళ ముందునుంచే తమిళనాడు, కర్ణాటక అడవుల్నుంచి ఏనుగులు ఇటు రావడం మొదలైంది. అడవిలో వుంటే ముచ్చటే. చెరుకుతోటలో, మామిడితోటలో దిగితేనే చిక్కు. వాటిని తోలడానికి 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం శిక్షణపొందిన నాలుగు కుమ్కీ ఏనుగుల్ని మనకిచ్చింది. బెంగుళూరు వెళ్ళి వాటిని అందుకున్నది అటవీశాఖ కూడా చూస్తున్న ఉపముఖ్యమంత్రి పవన్‌కల్యాణ్. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం పెట్టారు. సినిమా పత్రికలో ఏనుగుల సంగతి ఎందుకని అడిగేవాళ్ళకి ఇదే నా జవాబు.

తెల్ల గుడ్డు

ఇప్పుడు గోల్ఫు సంగతి. మన సినిమాల్లో గోల్ఫు కర్ర కనబడిందంటే అర్థం ఒకటే, హీరోయిన్ తండ్రి కోటీశ్వరుడు. డ్రెస్సింగ్ గౌను, పైపు, మేడమెట్లు, ఆ తర్వాత గోల్ఫు. ఇంత పచ్చిక మీద ఒక్క బంతి కొట్టి, మేనేజరుతో "ఆ కుర్రాడెవడో కనుక్కో" అంటాడు. అంతకు మించి ఆ ఆట గురించి మాకెవరికీ తెలీదు.

మావాడు బెంగుళూరు కంపెనీలో పైకి పోయేకొద్దీ పైవాళ్ళు ఆదివారాలు గోల్ఫాడతారని తెలిసి నేర్చుకున్నాడు. బెంగుళూరు గోల్ఫు క్లబ్బు 1876 నాటిది. అక్కడ ఆడే స్తోమత వీడికి లేదు గానీ, ఊరిబయట ఏదో ప్రాక్టీసు మైదానంలో గంటకింతని కట్టి కొట్టేవాడు. ఒక వేసవిలో కారు డిక్కీలో కర్రల సంచితో ఊళ్ళో దిగాడు. ఆరోజే వాడి పేరు దొర అయింది.

2022 ఏప్రిల్‌లో "కె.జి.ఎఫ్." రెండో భాగం వచ్చింది. ఆ మేలో మా యాత్ర ఎటు అని ఎవరూ అడగలేదు. పలమనేరు, వి.కోట మీదుగా కోలారు బంగారు గనులకి. సినిమాలో చూపించింది వేరు, అక్కడున్నది వేరు. ఉన్నది నిజంగా చూడాల్సిందే. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు లాక్కొచ్చారు. అప్పటికి మనదేశంలో చాలా పట్నాల్లో దీపాలు కిరసనాయిలువే. మూడు కిలోమీటర్లకి పైగా లోతు తవ్వారు. 1956లో మైసూరు ప్రభుత్వం, తర్వాత కేంద్రం తీసుకున్నాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. ఇప్పుడు మిగిలినవి తుప్పుపట్టిన ఇనప గోపురాలు, కూలీల ఇరుకు లైన్లు, సయనైడు మట్టి గుట్టలు. ఆ గుట్టల మీదే ప్రశాంత్ నీల్ షూటింగు చేశాడు. ఆ దర్శకుడి వాళ్ళదీ మన అనంతపురం వైపే.

దొరలు అక్కడ తమకోసం క్లబ్బూ, గోల్ఫు మైదానమూ కట్టుకున్నారు. మా దొర తెలిసినవాళ్ళ ద్వారా పెద్దమనిషి నొకణ్ణి పట్టుకుని, మేం వెంటవుండి చూడ్డానికి అనుమతి తెచ్చాడు. మేనెల ఎండకి పచ్చిక గోధుమరంగు తిరిగింది. చుట్టూ యూకలిప్టసు చెట్లు. వాడు టోపీ సర్దుకుని కొట్టాడు. బంతి ఎటుపోయిందో మాకు కనబడలేదు, వాడికీ కనబడలేదు. అయ్యోరు, "ఇంతేనా!" అన్నాడు.

నేను నవ్వుతున్నాను గానీ తోట నవ్వలేదు. గట్టుమీద నిలబడి గని గోపురంకేసి చూస్తున్నాడు. వాడి తాత పెళ్ళికి ముందు కొన్నేళ్ళు ఆ గనుల్లో పనిచేశాడు. మావైపు పల్లెల్నుంచి అప్పట్లో అలా పోయినవాళ్ళు చాలామంది. 1911 దాకా మాది ఉత్తర ఆర్కాటు జిల్లాయే గదా, గనుల్లో అరవంవాళ్ళూ తెలుగువాళ్ళూ పక్కపక్కన పనిచేశారు. ఆ తాత ముసలితనంలో మాకు కథలు చెప్పేవాడు. పాతాళంలో రాయి పేలితే చెవులు ఎట్లా మూసుకుపోతాయో, పైకొచ్చాక మొదటిసారి ఎండ చూస్తే కళ్ళెట్లా మండుతాయో. మధ్యలో ఒక మాట అనేవాడు. "దొరలు సాయంత్రమైతే తెల్లగుడ్డు కొట్టేది, దాని ఎనకాలే పోయేది. మేము కంచె ఇవతల నిలబడి చూసేది. గుడ్డు మా దగ్గిరికొచ్చి పడితే ముట్టుకోకూడదు." మేం పిల్లలం, ముసలాయన కోడిగుడ్డు సంగతేదో చెబుతున్నాడనుకునేవాళ్ళం.

దొర కర్ర తెచ్చి తోట చేతికిచ్చాడు. "ఒక దెబ్బ కొట్టరా."

"నాకెందుకురా?"

"మీ తాత చూసిన గ్రౌండు గదరా. కొట్టు."

తోట చెప్పులు విప్పేశాడు. కర్రని పద్ధతిగా పట్టుకోలేదు. బిళ్ళంగోడు ఆడేవాడు కోడు పట్టుకున్నట్టు పట్టుకుని ఒక్కటి చరిచాడు. ఆ బంతి లేచి, గాల్లో చాలాసేపుండి, నేరుగా పోయి ఎక్కడో పడింది. వెంటవున్న పెద్దమనిషి "వెరీ గుడ్!" అన్నాడు. మా దొర మొహం చూడాలి! నాలుగేళ్ళుగా వేలు పోసి నేర్చుకుంటున్నాడు పాపం. తోట కర్ర తిరిగిచ్చేసి, ఆ బంతిని తానే వెళ్ళి వెతికి తెచ్చి, జేబులో వేసుకున్నాడు. దొర అడగలేదు.

ఆ బంతి వాడి ఇంట్లో దేవుడి గూట్లో వుందని తర్వాత అయ్యోరు చెప్పాడు.

2025 వేసవి

ఇక్కడిదాకా చెప్పింది సరదా. ఇప్పుడు చెప్పేది వేరు.

మాది తోతాపురి సీమ. చిలకముక్కులాంటి కొన వుంటుంది గదా, ఆ కాయ. కొన్నిచోట్ల దాన్నే బెంగుళూరు కాయ అంటారు. బేనీషాలాగా బుట్టలో పెట్టి చుట్టాలకి పంపేది కాదు, ఫ్యాక్టరీకి పోయేది. చిత్తూరు జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీలు బోలెడు. ఇక్కడి గుజ్జు డబ్బాలకెక్కి గల్ఫుకీ ఐరోపాకీ పోతుంది. మీరు సీసాలో తాగే మామిడి రసంలో మా ఊరి కాయ వుండొచ్చు. ఫ్యాక్టరీవాడు కొంటేనే కాయకి ధర, కొనకపోతే చెత్త. జూన్, జులై నెలల్లో బంగారుపాళ్యం మార్కెట్టు యార్డంతా కాయే, రోడ్డంతా ట్రాక్టర్లే.

2025లో కాపు విరగకాసింది. రైతుకి అంతకంటే భయం వుండదని ఊరివాళ్ళకి తెలుసు. పాత గుజ్జు అమ్ముడుపోలేదని ఫ్యాక్టరీలు వెనక్కి తగ్గాయి. ప్రభుత్వం కిలోకి పన్నెండు రూపాయలన్నది, ఫ్యాక్టరీ ఎనిమిది, ప్రభుత్వం నాలుగు. పన్నెండు కాదు గదా ఎనిమిది కూడా కళ్ళచూడనివాళ్ళు మా వీధిలోనే వున్నారు. జూన్ 7న పక్క రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకూడదని కలెక్టరు ఉత్తర్వు వేస్తే, కర్ణాటక ముఖ్యమంత్రి అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాశారు. జులై 9న మాజీ ముఖ్యమంత్రి జగన్ యార్డుకొచ్చారు, కాయలు రోడ్డుమీద పారబోశారు, టీవీలన్నీ మా ఊరి పేరు పలికాయి. రాజకీయం ఈ పేజీ పని కాదు. నేను చెప్పేది తోట సంగతి.

ఆ ఏడాది మేలో వాడికి అడ్వాన్సు ఇచ్చే వ్యాపారి రాలేదు. అయ్యోరు సీసా బోర్లించబోతే తోట ఫోను చేశాడు. "ఈసారి మీరు ముగ్గురూ పొయ్యిరండి. నాకు పని వుండాది." మేం కూడా ఆగిపోయాం. దొర బెంగుళూరు నుంచి ఫోన్లో తప్పుచేశాడు. మంచి మనసుతోనే! "డబ్బుల సంగతైతే నేనున్నాను గదరా, నువ్వొచ్చెయ్" అన్నాడు. తోట ఫోను పెట్టేశాడు. నెల రోజులు ఎత్తలేదు.

జూన్ చివర్లో తోట కాయ కోయించి ట్రాక్టరుకెత్తాడు. నాలుగు టన్నుల పైమాట. ఫ్యాక్టరీ గేటుకి రెండు కిలోమీటర్ల అవతలే వరస ఆగిపోయింది. మొదటిరోజు పోయింది. రెండోరోజు బండి వందగజాలు కదిలింది. కోసిన తోతాపురి రెండుమూడు రోజులు ఓర్చుకుంటుంది. ఆపైన ఎండకి పైవి వాడతాయి, బరువుకి అడుగువి చితుకుతాయి. ఒకసారి వాసన మారిందంటే గేటులో కాటా మీదకి కూడా రానివ్వరు. ట్రాక్టరు అద్దె మాత్రం రోజువారీ నడుస్తూనే వుంటుంది.

రెండోరోజు సాయంత్రం నేనూ అయ్యోరూ టిఫిన్ క్యారియరుతో పోయాం. తోట ట్రెయిలరు కింద గోనె పరుచుకుని పడుకుని వున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు, ఏమీ అనలేదు. సంగటి తిన్నాడు. వెనకబండి ముసలాయనకి సగం పెట్టాడు. ఆ రాత్రి మేమూ అక్కడే వుండిపోయాం. వరసలో వున్నవాళ్ళు పేకాడేవాళ్ళు పేకాడుతున్నారు, ఫోన్లో సినిమా చూసేవాళ్ళు చూస్తున్నారు. ఒకడు "అరవింద సమేత" పెట్టాడు, చుట్టూ పదిమంది. దోమలు మాత్రం ఎవర్నీ తేడా చూళ్ళేదు.

మూడోరోజు రాత్రి తొమ్మిదింటికి ఒక కారు వరస పక్కగా మెల్లగా వచ్చి ఆగింది. దొర! ఆఫీసు బట్టల్లోనే వున్నాడు. అయ్యోరు ఫోను చేసి చెప్పాడట, నాకు తెలీదు. తోట వాణ్ణి చూసి కాసేపు మాట్లాళ్ళేదు. తర్వాత, "ఏరా బెంగుళూరు కాయా, నిన్ను బోర్డర్లో ఆపలేదా?" అన్నాడు. వరసంతా ఘొల్లుమంది. నెల రోజుల బిగువు అక్కడితో సడలిందనుకున్నాను.

లేదు. అరగంట తర్వాత దొర వాణ్ణి పక్కకి తీసుకెళ్ళాడు. నేను వినకూడదనుకుంటూనే విన్నాను. "లోడు మొత్తం ఎంతరా? చెప్పు. నేనిస్తాను, నువ్వు ఇంటికి పో. కాయ ఏమన్నా కానీ."

తోట గొంతు పెంచలేదు. "నా కాయకి నువ్వు ధర కట్టొద్దురా. కట్టాల్సినవాడు ఆ గేటు లోపల వుండాడు."

దొరకి కళ్ళనీళ్ళు తిరిగాయి. చీకట్లో ఎవరూ చూళ్ళేదనుకున్నాడు. ఇన్నేళ్ళ స్నేహంలో నేను చూసిన పెద్ద తగాదా అదే, అరుపుల్లేని తగాదా. నాకు ఇద్దరిదీ న్యాయంగానే కనబడింది. సినిమా అయితే ఇక్కడ ఒక పాట పడాలి. ఇక్కడ పడింది అయ్యోరి గొంతు. "డిక్కీలో కర్రలుండాయా?"

వున్నాయి.

రోడ్డు పక్కన వేరుశనక్కాయ చేను, దుక్కి దున్ని వదిలేసి వుంది. గోల్ఫు గుంటకి నాలుగుంపావు అంగుళాల వెడల్పుండాలని దొర చెప్పాడు. ముసలాయన తన చెంబు తెచ్చి కొలిచి చూసి, "ఇది సరిపోద్దా సామీ?" అని భూమిలో పాతేశాడు. రెండు ట్రాక్టర్లు హెడ్‌లైట్లు ఇటు తిప్పాయి. బంతి నిలబెట్టడానికి పుల్ల దొరక్కపోతే ఎవడో ఒక తోతాపురి కాయ సగానికి కోసి బోర్లించి పెట్టాడు, దానిమీద బంతి. ఇక చూస్కోండి! వరసలో వున్న డ్రైవర్లు, రైతులు, ఫ్యాక్టరీ వాచ్‌మను, అందరూ ఒక్కో దెబ్బ. లుంగీ ఎగ్గట్టి కొట్టినవాళ్ళున్నారు, దండం పెట్టి కొట్టినవాళ్ళున్నారు. బంతికంటే మట్టిగడ్డలే ఎక్కువ లేచాయి. దొర ప్రతివాడికీ చేతులు పట్టుకుని నేర్పుతున్నాడు, ఎవరూ వినడంలేదు. "బిళ్ళంగోడే గదప్పా ఇది!" అని తీర్పుచెప్పారు. అర్ధరాత్రి దాటాక వాన చినుకులు పడితే ఆట ఆపి అందరూ పట్టాలు కప్పుకోవడానికి పరుగెత్తారు. చెంబులో బంతి వేసినవాడు ఒక్కడే, ముసలాయన. దగ్గరగా నిలబడి చేత్తో వేశాడనే అనుమానం నాకుంది.

తోట ఆ రాత్రి ఆడలేదు. ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూచుని చూస్తూ నవ్వుతూనే వున్నాడు. దొర పోయి పక్కన కూచున్నాడు. ఏం మాట్లాడుకున్నారో ఈసారి నాకు వినబడలేదు.

తెల్లవారి ఆరింటికి వరస కదిలింది. పదింటికి మా బండి కాటా ఎక్కింది. మెత్తబడ్డవని మూడొందల కిలోలు తీసేశారు. చేతికిచ్చిన చీటీలో తూకం వుంది గానీ, ధర వెయ్యాల్సిన గడి ఖాళీగా వుంది. "తర్వాత చెబుతారంట" అన్నాడు తోట. ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కాజేబులో పెట్టుకున్నాడు. ఆ గడిలో అంకె పడేసరికి దసరా దాటింది. అంకె ఎంతో వాడు చెప్పలేదు, మేం అడగలేదు.

ఖాళీ ట్రాక్టరు ముందూ, దొర కారు వెనకా బంగారుపాళ్యం తిరిగొచ్చాం. బస్టాండు పక్కన మా పాత టీ అంగడి. నాలుగు టీలు, నాలుగు బన్నులు. పెద్దాయన గాజుగ్లాసులు బల్లమీద పెడుతూ, "ఈ రోడ్డుమీద ఎన్ని కార్లు ఆగలేదు..." అని మొదలుపెట్టాడు. తోట జేబు తడుముకుంటున్నాడు. దొర లేవలేదు. నియమం తెలుసు గదా. తలవంచుకుని టీ ఊదుకుంటున్నాడు.

తోట తడుముకోవడం మానేశాడు.

"నువ్వియ్యిరా ఈసారికి," అన్నాడు. "నా దగ్గిర చిల్లర లేదు."

దొర గభాల్న లేచి వంద కాగితం తీశాడు. పెద్దాయన మిగతా చిల్లర ఇచ్చాడు. అయ్యోరు దాన్ని లాక్కుని, సీసాలో వేస్తానని రుమాల్లో ముడివేసుకున్నాడు.